ఎత్తు మళ్ళు కట్టి ఎండాకాలం కూరగాయలు వేద్దామనుకుంటే అమ్మ వద్దంటోంది (రాజోలు వైపు, బోరు కాస్త ఉప్పన)

రాజోలు_దొడ్డి:

అందరికీ నమస్కారం అండీ. ముందే చెప్పేస్తున్నా, నాకు వ్యవసాయం రాదు. నాన్న ఉన్నన్నాళ్ళూ పొలం వైపు తొంగి కూడా చూడలేదు. పన్నెండేళ్ళు హైదరాబాద్‌లో ఉండి, ఇంటి నుంచే పని చేసుకోమన్నారని రెండేళ్ళ కిందట ఊరికి వచ్చేశాను. మాది రాజోలుకి దగ్గర్లో ఊరు. ఇంటి వెనక దొడ్డిలో తూర్పు వైపు రెండు సెంట్లు ఖాళీగా ఉంది, ఒక పక్కన నాలుగు కొబ్బరి చెట్లు, ఇంకో పక్క ప్రహరీ గోడ.

పోయినేడు మార్చిలో మామూలుగా నేల తవ్వి బెండ, టమాటా, బీర, చిక్కుడు వేశాను. బెండ మొలిచింది గానీ ఆకు అంచులు మాడిపోయి జానెడు ఎత్తులోనే ఆగిపోయింది. టమాటా పూసి పూసి పూతంతా రాల్చేసింది. చిక్కుడైతే పందిరి మొత్తం పాకి పక్కింటి గోడ కూడా ఎక్కింది, ఒక్క కాయ లేదు. బీర మూడు కాయలు కాసింది, మూడూ కలిపి ఒక పూట పచ్చడికి వచ్చాయి. సరే వానాకాలం చూద్దామని జూలైలో వంగ నారు వేస్తే వారం రోజుల ముసురుకి నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళిపోయాయి. మాది నల్ల నేల, తడిస్తే చెప్పు వదలదు, ఎండితే నెర్రెల్లో చెయ్యి పడుతుంది.

అందుకని ఈసారి యూట్యూబ్‌లో చూపిస్తున్నట్టు ఎత్తు మళ్ళు కట్టిద్దామనుకుంటున్నాను. 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు, అలాంటివి ఆరు, ఇటుక పేర్చి సిమెంటుతో. లెక్క వేస్తే 480 ఘనపుటడుగుల మట్టి, అంటే ఐదు యూనిట్లకి కాస్త తక్కువ (యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు). మేస్త్రీ చెప్పిన రేటు వింటే కళ్ళు తిరిగాయి. అమ్మేమో "నేల ఉండగా నేల మీద ఇంకో నేల ఎందుకురా" అంటోంది. మా ఆవిడ ఎటూ మాట్లాడట్లేదు, అదే ఎక్కువ టెన్షన్.

నీళ్ళ సంగతి: కాలువ పారినన్నాళ్ళూ కుళాయి బాగానే వస్తుంది, ఏప్రిల్‌లో కాలువ కట్టేశాక బోరే గతి, అది ఎండాకాలం ఇంకా ఉప్పన అవుతుంది. ఇంట్లో ఆర్‌ఓ మిషను వదిలే నీళ్ళు రోజుకి రెండు మూడు బకెట్లు వృథా పోతుంటే అవి కూడా మొక్కలకే పోస్తున్నాను.

శివరాత్రి ఇంకా రెండు వారాలు ఉంది. ఎత్తు ఎంత ఉండాలి, మట్టి ఏది కలపాలి, ఏం వేయాలి? తిట్టాలనుకుంటే తిట్టండి, పరవాలేదు.

లంకమట్టి:

తిట్టడానికేముంది తమ్ముడూ, మేం కూడా ఇలాగే నేర్చుకున్నాం. మీ అమ్మగారి మాట సగం నిజం, మీ మాట ఇంకో సగం. ఇద్దరూ వేర్వేరు నెలల గురించి మాట్లాడుకుంటున్నారంతే.

ఎత్తు మడి ఎందుకు కడతారు? వేళ్ళు నీళ్ళలో నానకుండా. మీ వంగ నారు చచ్చిపోయింది చూశారా, దానికి ఎత్తు మడి మందు. కానీ ఫిబ్రవరి నుంచి మే దాకా మీ దొడ్డిలో నీళ్ళు నిలుస్తాయా? ఆ నాలుగు నెలలూ మన గొడవ తిరగబడుతుంది, తడి ఆగదు. రెండడుగుల ఎత్తు గోడల మధ్య మట్టి పోస్తే పైనా ఎండే, నాలుగు పక్కలా ఇటుక వేడే. ఏప్రిల్ ఎండలో పొద్దున్న పోసిన నీళ్ళు సాయంత్రానికి కనపడవు. ఆ వీడియోలు తీసేవాళ్ళలో చాలామందిది చలి దేశం, మంచు కరిగాక నేల తొందరగా వేడెక్కాలని ఎత్తు చేస్తారు వాళ్ళు. మనకి నేల వేడెక్కడం లేదని ఏనాడైనా బాధపడ్డామా?

నేనైతే చేసేది ఇది. ఇప్పుడు పైకి కట్టకండి, కిందకి తవ్వండి. మడి కొలత 10×4 బాగానే ఉంది, రెండు పక్కల నుంచీ చెయ్యి మధ్యకి అందుతుంది, లోపల కాలు పెట్టక్కర్లేదు (గోడ వారన అయితే రెండడుగులు చాలు, అవతలి నుంచి అందదు కాబట్టి). ఆ కొలతలో అడుగు లోతు మట్టి తీసి పక్కన పోయండి. అడుగున కొబ్బరి డొక్కలు (కాయ మీద ఒలిచిన పీచు తొక్కలు) పరవండి. ఒక వరస, వీలైతే రెండు. వెల్లకిలా పెట్టండి, గిన్నెలాగా పైకి చూస్తూ ఉండాలి, అప్పుడే నీళ్ళు పట్టి ఉంచుతాయి. అదే డొక్కలు మడి మీద కప్పడానికి వాడితే మాత్రం బోర్లా వేయాలి. మా పెద్దాళ్ళు కొబ్బరి చెట్ల చుట్టూ ఇలాగే పూడ్చేవాళ్ళు. డొక్కలో పొటాష్ కూడా ఉంటుంది, అది నెమ్మదిగా మట్టిలోకి దిగుతుంది. మీ ఊళ్ళో డొక్కలకి కరువా, ఉత్తినే ఇస్తారు.

వాటి మీద తీసిన మట్టే, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి తిరిగి పోయండి. మూడు తట్టల మట్టికి ఒక తట్ట ఎరువు. ఇసుక కలపమని ఎవరైనా చెబితే వినకండి, నల్ల జిగురు మట్టిలో నాలుగు తట్టలు ఇసుక పోస్తే గుల్ల అవ్వదు, ఎండాక ఇటుకలా బిగుస్తుంది. ఎరువూ ఆకూ అలమే దాన్ని గుల్ల చేస్తాయి. ఇదంతా పోశాక మడి దానంతట అదే నేల కన్నా ఆరంగుళాలు పైకి లేస్తుంది. ఎండాకాలానికి ఆ ఎత్తు చాలు. పైన అంచు చుట్టూ రెండు వేళ్ళ గట్టు పెట్టండి, పోసిన నీళ్ళు జారిపోకుండా.

మే ఆఖర్లో పంట అయ్యాక దారుల్లో మట్టి లాగి మళ్ళ మీద వేసుకోండి. దారి పల్లమై కాలవ అవుతుంది, మడి అడుగున్నర లేస్తుంది, ముసురులో నీళ్ళు దారిలోంచి పోతాయి. ఖర్చు మీ చెమటే.

మాది లంక ఊరు. వరద తీశాక వచ్చే ఒండ్రు ఇసుకలో దోస, బీర, ఆనప పెట్టుకోవడమే మా పని, అక్కడ ఎత్తు ఏం చేసినా ఒకటే. 2022 జూలైలో వరద వచ్చినప్పుడు మా ఇళ్ళల్లోనే నీళ్ళు, ఎత్తు మడి ఎవడికి కావాలి. మీది లంక కాదు కాబట్టి ఆ భయం లేదు.

ఇంకొకటి, కొబ్బరి చెట్టు మొదలుకి రెండు మీటర్ల లోపు మడి వేయకండి. దాని వేళ్ళు ఎక్కువ భాగం ఆ మేరలోనే ఉంటాయి, మీరు ఎరువు వేసి నీళ్ళు పోస్తే ముందు అదే తాగుతుంది. చెట్టుకి మంచిదే అనుకోండి, కూరగాయ మాత్రం రాదు. పైగా మట్ట పడితే మడి సంగతి అటుంచి మీ తల ఉండదు.

అత్తగారి_గోంగూర:

లంకమట్టి గారు మట్టి గురించి చెప్పేశారు, నేను నీళ్ళ గురించి చెబుతాను. ఎందుకంటే మీ బెండ మాడింది మట్టి వల్ల కాదని నా అనుమానం.

బాబూ, ఆ ఆర్‌ఓ నీళ్ళు ఈ రోజే ఆపేయండి! మిషను ఏం చేస్తుంది? మంచినీళ్ళు ఒక గొట్టంలోంచి ఇచ్చి, వాటిలో ఉన్న ఉప్పంతా రెండో గొట్టం నీళ్ళలోకి తోసేస్తుంది. మీ బోరు నీళ్ళే ఉప్పన, ఆ వదిలేసిన నీళ్ళు ఇంకా ఉప్పన. నీళ్ళు దండగ పోకూడదని మీరు రోజూ మొక్కలకి ఉప్పు పోస్తున్నారు. ఆకు అంచులు మాడడం, మొక్క ఎదగకుండా ఆగిపోవడం ఉప్పు లక్షణమే. బెండ, చిక్కుడు ఉప్పుకి సరిగ్గా ఆగవు. ఆ నీళ్ళు వాకిలి కడగడానికి, బాత్రూముకి వాడుకోండి. ఏసీ గొట్టంలోంచి కారే నీళ్ళు మాత్రం మొక్కలకి బంగారం లాంటివి, అందులో ఉప్పు ఉండదు, ఒక బకెట్ పెట్టుకోండి.

నేను అల్లవరం వైపు కోడలిగా వచ్చినదాన్ని, పెళ్ళైన కొత్తలో మా అత్తగారి దొడ్డిలో బోదెలు (మట్టి గట్లు) తోలి కాలవల్లో బోరు నీళ్ళు పారించాను, మా పుట్టింట్లో అలాగే చేసేవాళ్ళం. నెల తిరిగేసరికి బోదె నెత్తి మీద తెల్లగా పేరుకుంది. ముగ్గు ఎవరు వేశారా అనుకున్నాను ముందు. కాలవలో నీళ్ళు పెడితే తడి పక్కల నుంచి పైకి పాకుతుంది, దాంతో ఉప్పు కూడా పాకి నెత్తిన చేరుతుంది, తడి ఆరిపోయి ఉప్పు మిగులుతుంది. మనం విత్తనం పెట్టేది సరిగ్గా అక్కడే కదా. అందుకే ఉప్పు నీళ్ళు ఉన్నచోట ఎత్తు మడికి నీళ్ళు పైనుంచే పోయాలి, ఉప్పు కిందకి దిగేలాగా. రోజూ చెంబుడు చిలకరించడం కన్నా రెండు మూడు రోజులకోసారి లోపలికి దిగేటట్టు నిండుగా పోయడం మేలు. కాలువ నీళ్ళు ఉన్నప్పుడు వారానికోసారి బాగా ముంచేసి పోయండి, పేరుకున్న ఉప్పు కొంత కడుక్కుపోతుంది.

మీ వాటర్ ప్లాంటు అబ్బాయి దగ్గర టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాలు) చూసే పెన్ను ఉంటుంది, బోరు, కుళాయి, ఆర్‌ఓ వదిలే నీళ్ళు మూడూ చూపించి అంకెలు పెట్టండి. మాటలతో ఉప్పన ఉప్పన అంటే ఎంత ఉప్పనో ఎవరికి తెలుస్తుంది.

రాజోలు_దొడ్డి:

అమ్మో. ఇప్పుడే చూపించి వచ్చాను. కుళాయి 310, బోరు 1480, ఆర్‌ఓ వదిలేవి 2150. ఏడాది పాటు పోశానండీ ఇవి, పైగా నీళ్ళు ఆదా చేస్తున్నానని ఆఫీసులో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

అత్తగారి_గోంగూర:

2000 దాటితే కూరగాయలకి పనికిరావనే లెక్క వేసుకోండి, 450 లోపు నిశ్చింత, మధ్యలో ఉన్నవి జాగ్రత్తగా వాడుకోవాలి. మీ బోరు ఫిబ్రవరిలోనే 1480 అంటే మే నెలలో మళ్ళీ చూడండి, పెరిగి ఉంటుంది. గొప్పలు చెప్పుకోవడం సంగతి వదిలేయండి, మా ఆయన మొక్కలకి బట్టలు ఉతికిన నీళ్ళు పోశారు రెండేళ్ళు.

పాలకొల్లు_పెంకుటిల్లు:

అందరూ ఎత్తు వద్దు ఎత్తు వద్దు అంటున్నారు, నేను ఒప్పుకోను. మూడేళ్ళ కిందట అడుగున్నర ఎత్తు ఇటుక మళ్ళు నాలుగు కట్టించాను, ఈ రోజు పొద్దున్న కూడా వాటిలోంచే తోటకూర కోశాం.

మాది పల్లపు చోటు. ఇంటి చుట్టూ మూడు వైపులా ఒకప్పుడు వరి, ఇప్పుడు రొయ్యల చెరువులు. చెరువుల్లో నీళ్ళు పెట్టినప్పుడల్లా మా దొడ్డిలో అడుగు తవ్వితే చాలు ఊట వస్తుంది, అదీ ఉప్పు ఊట. ఎవరితో పోట్లాడాలి, అందరూ చుట్టాలే. అలాంటి చోట కిందకి తవ్వి డొక్కలు పరిస్తే ఆ డొక్కలు తాగేది ఉప్పు నీళ్ళే. నాకు ఎత్తు తప్ప ఇంకో దారి లేదు. అందుకని తమ్ముడూ, మీ దొడ్డి ఏ రకమో తెలియకుండా ఎవరి మాటా వినకండి, నాది కూడా.

అయితే నేను చేసిన తప్పులు చెబుతాను, అవి మీకు పనికొస్తాయి. మొదటిది, మట్టి ఖర్చు తగ్గుతుందని పీచు ఫ్యాక్టరీ దగ్గర గుట్టగా పడి ఉన్న పచ్చి కొబ్బరి పొట్టు ట్రాక్టరు తోలించి సగానికి సగం నింపాను. ఏడాదంతా ఏది వేసినా పసుపు రంగే. అది కుళ్ళేటప్పుడు మట్టిలో నత్రజని మొత్తం లాగేసుకుంటుందట, పైగా కొన్నిచోట్ల డొక్కల్ని ఉప్పు నీళ్ళలో నానబెడతారు కాబట్టి పొట్టులో కూడా ఉప్పు ఉంటుంది. పొట్టు వాడాలంటే బాగా కడిగి, నెలల తరబడి మాగబెట్టి వాడాలి. రెండోది, నింపిన మట్టి ఒక్క వానాకాలానికి మూడో వంతు దిగిపోయింది, మళ్ళీ నింపుకోవాలి, ఆ లెక్క ముందే వేసుకోండి. మూడోది పందికొక్కు. ఒక మడికి సిమెంటు లేకుండా ఉత్తినే ఇటుకలు పేర్చాను, వాటి వెనకాల సంసారం పెట్టేసింది, చిలగడదుంపలు నాకన్నా ముందు అదే తవ్వుకుంది.

ఎండాకాలం ఆరిపోతుందన్నది నిజమే, కాదనను. నేను వరిగడ్డి నాలుగు వేళ్ళ మందాన కప్పి, పశ్చిమం వైపు కొబ్బరాకు దడి కట్టి నెట్టుకొస్తున్నాను.

లంకమట్టి:

పాలకొల్లు గారు చెప్పింది కరెక్ట్, ఊట ఉన్నచోట నా పద్ధతి పనికిరాదు. నేను అడగాల్సింది, మర్చిపోయాను.

తమ్ముడూ, రేపు దొడ్డిలో రెండు చోట్ల గునపంతో మూడడుగుల గొయ్యి తీసి రాత్రంతా వదిలేయండి, మీద ఏదైనా మూత పెట్టండి పిల్లలు పడకుండా. పొద్దున్నకి అడుగున నీళ్ళు చేరితే ఎంత మేర చేరాయో కొలవండి, నోట్లో వేసుకుని చూడండి. రెండడుగుల లోపే నీళ్ళు కనిపిస్తే పాలకొల్లు దారి, పొడిగా ఉంటే నా దారి.

రాజోలు_దొడ్డి:

తీశాను. ఒక గొయ్యి పొడి, రెండోది (ప్రహరీ పక్కన) అడుగున కాస్త చెమ్మ, నీళ్ళు లేవు. నోట్లో వేసుకోవడానికి ఏం లేదు, దేవుడు కాపాడాడు. అమ్మ కిటికీలోంచి చూసి "వీడికేమైంది" అని పక్కింటి పిన్నిని అడుగుతోంది.

కడియం_నారు:

నేను నర్సరీలో పని చేస్తాను, ఇరవై ఏళ్ళుగా నారు పోయడమే పని. మడి సంగతి తేలిపోయింది కాబట్టి ఏం వేయాలో మాట్లాడుకుందాం. నిజం చెప్పాలంటే మీ పోయినేడు పంటలో సగం తప్పు మడిది కాదు, నెలది.

ముందు చిక్కుడు. రథసప్తమికి చిక్కుడు కాయలతో రథం కడతాం కదండీ, ఎందుకు చిక్కుడే? ఆ రోజుల్లో విరగకాసేది అదే కాబట్టి. పందిరి చిక్కుడు పగలు తగ్గి రాత్రి పెరిగే చలికాలంలోనే పూస్తుంది. మార్చిలో పెడితే ఎండాకాలమంతా ఆకే పెంచుకుంటుంది, మీకు జరిగిందీ అదే. వానాకాలం మొదట్లో పెట్టుకోండి. టమాటా కూడా అంతే, పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పూత నిలవదు, మందులు కొట్టినా లాభం లేదు. అది అక్టోబరులో నాటాల్సిన మొక్క. క్యాబేజీ, కాలీఫ్లవరు నారు ఇప్పుడు ఎవరైనా అమ్మితే కొనకండి (మా నర్సరీలో అయినా సరే).

మీరు చూసుకోవాల్సిన పంచాంగం కాలువది. దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక ఏప్రిల్‌లో కట్టేస్తే మళ్ళీ జూన్‌లోనే వదిలేది. మంచినీళ్ళు మీ చేతిలో ఉండేది ఇవాళ్టి నుంచి ఇంచుమించు రెండు నెలలు. ఉప్పుకి ఆగని మొక్కలు ఆ రెండు నెలల్లో పుట్టి పెరిగి కాసేయాలి. కట్టేశాక బోరు నీళ్ళతో బతకగలిగేవే మిగలాలి.

ఆ లెక్కన తోటకూర, శివరాత్రికి చల్లితే ఉగాదికి కోసుకోవచ్చు, నెల లోపు పంట. బెండ వేయాలంటే ఆలస్యం చేయకుండా ఈ వారమే పెట్టండి, రాత్రంతా నానబెట్టి, మొక్కకి మొక్కకి జానెడు. 45 రోజులకి మొదటి కాయ, కాలువ కట్టేలోపు రెండు మూడు వారాలు కోసుకుంటారు, ఆ తరవాత ముదిరిపోయినా బాధపడకండి. ఆకు ఈనెలు పసుపు రంగుకి మారే పల్లాకు తెగులు ఎండాకాలం ఎక్కువ, దాన్ని తెల్లదోమ మోస్తుంది. అర్క అనామిక లాంటి తట్టుకునే రకం అడిగి తెచ్చుకోండి, ఒక మొక్క అలా కనిపించగానే జాలిపడకుండా పీకేయండి.

ఏప్రిల్ తరవాత మీ చెయ్యి పట్టుకునేది గోరుచిక్కుడు. ఎండకీ ఆగుతుంది, ఉప్పుకీ బాగా ఆగుతుంది. ఎవరూ దాన్ని గొప్పగా చెప్పరు, ఇంట్లో పిల్లలు తినరు, కానీ మీ దొడ్డికి సరిగ్గా అదే కావాలి. ఒక మడి మొత్తం అదే వేయండి.

తీగ జాతికి ఎత్తు మడి వేస్ట్. బీర, ఆనప, దోస పాదులు వేరేగా ప్రహరీ వారన పెట్టుకుని గోడ మీదకి గానీ పందిరి మీదకి గానీ ఎక్కించండి. పోయినేడు మూడే బీరకాయలు వచ్చాయన్నారు, పూలు రాలేదా, వచ్చి రాలాయా? మొదట్లో వచ్చేవన్నీ మగపూలే, అవి రాలిపోవడం మామూలే. ఆడపువ్వుకి అడుగున చిటికెన వేలంత పిందె ఉంటుంది. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, ఆనప కూడా అంతే. ఆ వేళకి మీ దొడ్డిలో పురుగూ పుట్రా తిరక్కపోతే పిందె పసుపు రంగుకి తిరిగి రాలిపోతుంది. దీపాలు పెట్టే వేళకి మగపువ్వు ఒకటి కోసి ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి, నాలుగు రోజుల్లో తేడా మీకే తెలుస్తుంది. దోస పువ్వు పొద్దున్న విచ్చుకుంటుంది, దానికి తేనెటీగలే చాలు. లేత మొలకల మీద ఎర్ర పెంకు పురుగు వాలితే పొద్దున్నే మంచు తడి ఉండగా కట్టెల బూడిద చల్లండి.

కొబ్బరి చెట్లు ఉన్నాయన్నారు కదా, వాటి నీడలో ఇప్పుడు ఏమీ వద్దు. మే, జూన్‌లో కంద పెట్టండి, లంకమట్టి గారు చెప్పిన రెండు మీటర్లు వదిలి. గజేంద్ర రకం అడగండి, మన కొవ్వూరు పరిశోధనా స్థానం నుంచి వచ్చిందే, నోరు దురద పెట్టదు. పక్కనే బచ్చలి తీగ పాకించుకుంటే కంద బచ్చలి కూరకి బజారు వెళ్ళక్కర్లేదు, పెళ్ళి భోజనం ఇంట్లోనే.

ఒక్క హెచ్చరిక. మీ కొబ్బరాకుల అడుగున తెల్లటి వలయాలు, కింద మొక్కల మీద జిగురు, దాని మీద నల్ల మసి ఉందేమో చూడండి. అది సర్పిలాకార తెల్లదోమ, 2016 తరవాత మన వైపు కొబ్బరిని బాగా పట్టింది. బెండకి తెగులు మోసే తెల్లదోమ వేరు, ఇది వేరు, కానీ ఆ మసి కూరగాయ ఆకుల మీద పడితే ఎండ అందక మొక్క నీరసపడుతుంది. మడి చెట్ల కిందకి రాకుండా చూసుకోవడానికి అదో కారణం. ఘాటు మందులు కొడితే దాన్ని తినే పురుగులు కూడా చస్తాయి. అంబాజీపేట పరిశోధనా స్థానంలో దీని మీద చాలా పని చేశారు, దగ్గరే కాబట్టి ఒకసారి వెళ్ళి అడగండి.

పాలకొల్లు_పెంకుటిల్లు:

నీళ్ళు ఎన్ని కావాలో ఎవరూ చెప్పలేదు. మే ఎండలో 10×4 మడికి రోజుకి ఇరవై లీటర్లు అటూ ఇటూగా పడుతుంది, గడ్డి కప్పితే కాస్త తగ్గుతుంది. ఆరు మళ్ళంటే 120 లీటర్లు, ఆరేడు బకెట్లు. రోజూ. మోయగలరా చూసుకోండి. నాలుగు మళ్ళతో మొదలుపెట్టండి, ఎక్కువైందని ఏడవడం కన్నా తక్కువైందని ఏడవడం నయం.

రాజోలు_దొడ్డి:

అందరికీ చాలా థాంక్స్ అండీ, ఇంత రాస్తారనుకోలేదు. మేస్త్రీకి వద్దని చెప్పేశాను, ఆయన కాస్త ముఖం మాడ్చుకున్నాడు. నాలుగు మళ్ళే, కిందకి అడుగు తవ్వి, డొక్కలు వెల్లకిలా, పైకి ఆరంగుళాలు. ఒకటి బెండ, ఒకటి గోరుచిక్కుడు, ఒకటి సగం తోటకూర సగం మిరప. నాలుగోది అమ్మ అడిగింది. గోంగూర వేస్తుందట. నిన్నటి దాకా నేల మీద నేల ఎందుకన్న మనిషి, ఇవాళ మధ్యాహ్నం డొక్కలు సరిగ్గా పరచలేదని నన్ను తిట్టి దగ్గరుండి మళ్ళీ పరిపించింది. బీర, దోస పాదులు ప్రహరీ వారన. ఆర్‌ఓ నీళ్ళు బాత్రూములోకి మళ్ళించాను.

ఒకటే మిగిలింది. మా పక్కింటి బాబాయి కోళ్ళు. ఇవాళ ఎరువు కలిపి పోసి అరగంట టీ తాగి వచ్చేసరికి మడి మొత్తం గీరేశాయి. వాటిలో ఒకటి సంక్రాంతికి పందెం గెలిచిన పుంజు, దాన్ని అదిలిస్తే బాబాయి మాట్లాడడం మానేస్తాడు.

లంకమట్టి:

పుంజుతో పెట్టుకోకండి. అంతర్వేది పల్లిపాలెం వైపు వెళ్తే చిరిగిన చేపల వలలు తక్కువకి ఇస్తారు. నాలుగు మూలలా కర్రలు పాతి మడి చుట్టూ కట్టేయండి. మొక్కలు జానెడు ఎదిగాక తీసేయొచ్చు, అప్పుడు కోళ్ళు పురుగులు ఏరుకుంటాయి, మంచిదే.

అత్తగారి_గోంగూర:

వల నేలకి ఆనించి వదలకండి, అడుగు భాగం పైకి మడిచి బిగించి కట్టండి. వదులుగా ఉంటే పాములు చిక్కుకుంటాయి. మా దొడ్డిలో ఒకసారి జెర్రిపోతు చిక్కుకుంటే కత్తెర పట్టుకుని దాన్ని విడిపించడానికి ఊరంతా వచ్చారు.

రాజోలు_దొడ్డి:

సరేనండీ, రేపే వెళ్తాను. పాముల సంగతి మాత్రం మా ఆవిడకి చెప్పను, ఇవాళే మొదటిసారి బెండ విత్తనాలు ఎక్కడ నానబెట్టావని అడిగింది.